ఇరవై అయిదేళ్లకు ఎంత

"మన దావూద్‌కు గూడా నెలకు ఇరవై ఎనిమిది వేలు పడతాందంట. బత్తెం కాకుండా."

మా అత్తను పక్కకు తిప్పి, కింద తడిసిన గుడ్డను లాగుతుండగా మా ఆయన అన్న మాట ఇది. దావూద్ అంటే పక్కింటి జులేఖా బీ కొడుకు, సిమెంటు లారీ తోలుతాడు. ఆ పిల్లవాడి జీతం వినే ఓపిక నాకు అప్పుడు ఎక్కడుంది? ఒక చేత్తో అత్త భుజం పట్టుకుని, ఇంకో చేత్తో గుడ్డ లాగి, నడుముకు కట్టుకున్న బెల్టు జారకుండా ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడి ఫోన్ చూస్తున్నాడు. కాస్త కాలు పట్టుకోమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే "నాకు వాసన పడదు గదా" అంటాడు. నాకేదో పడినట్టు.

"ఇరవై అయిదేళ్లకు ఏ ఉద్యోగంలో ఎంత వస్తాదో ఈ వీడియోలో శానా బాగా చెప్తాండాడు" అని ఫోన్ గొంతు పెంచాడు. సాఫ్ట్‌వేర్ అయితే ఇంత, బ్యాంకు అయితే ఇంత, కరెంటు పని నేర్చినవాడికి ఇంత, ప్రైవేటు బడి టీచరుకు ఇంత. అది చెప్పేవాడు పెళ్లిలో భోజనాలకు పిలుస్తున్నంత సంబరంగా చెప్తున్నాడు. చివర్లో నర్సుల మాట వచ్చింది. మా ఆయన తల ఆడించాడు. "చూసినావా? అందరికంటే కింద. మన పాప యాడుండాదో చూడు."

మా పాప మహేశ్వరికి ఇరవై అయిదు. కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పదిహేను వేలు. పొద్దున్నే ఎర్రగుంట్లలో బస్సెక్కి పోతుంది, సాయంత్రం వస్తుంది. నైట్ డ్యూటీ పడితే నాకు ఆ రాత్రి నిద్ర ఉండదు. బస్సు బోల్తా పడిందేమో, సూది గుచ్చుకుని ఏ రోగమైనా అంటుకుందేమో, పేషెంటు తరఫు వాళ్లు తాగి వచ్చి కొట్టారేమో, ఇవన్నీ వరసగా వస్తాయి. ఒకటి తరిమితే ఇంకోటి. టీవీలో ఆసుపత్రి గొడవ చూపిస్తే ఆ గోడ రంగు చూస్తాను, మా పాప ఆసుపత్రి గోడలా ఉందా అని. అది ఫోన్ ఎత్తకపోతే పదిసార్లు చేస్తాను. "అమ్మా, డ్రిప్ పెడుతున్నప్పుడు ఫోన్ ఎత్తితే పేషెంటు గతి ఏం కావల్ల?" అని విసుక్కుంటుంది. ఆ విసుగు వింటే గాని నాకు అన్నం లోపలికి దిగదు.

మా ఆయన పేరు దేవేంద్రప్ప. సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ దగ్గర సూపర్‌వైజరు. ఎవరైనా పిల్లల జీతాల మాటెత్తితే చాలు, "నేను ఇరవై అయిదేళ్లకే పర్మినెంటు. మొదటి జీతం తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టినా" అంటాడు. ఎన్నిసార్లు విన్నానో. ఆయన ఆ జీతం తెచ్చి పెట్టిన రోజుల్లో నా వయసు ఎంత, నేనేం చేస్తున్నాను అని ఎవరూ అడగరు. నాకు ఇరవై అయిదు వచ్చేసరికి ఇద్దరు పిల్లలు. ఇంటిల్లిపాదికీ వంట, ఇంటి వెనక ఒక బర్రె, అది కాకుండా మిషను మీద వీధిలో వాళ్లందరికీ జాకెట్లు కుట్టేదాన్ని. ఆ డబ్బు ఎప్పుడూ నా చేతిలో నిలబడలేదు. పిల్లల స్కూలు బూట్లకు, గ్యాసుకు, వచ్చినవాళ్లకు కోడికి పోయేది. మా అత్త మాత్రం వచ్చిన ప్రతి చుట్టంతో "మా కోడలికి పొద్దు పోదు, ఊరికే మిషను తొక్కుతాంటాది" అని చెప్పేది. ఆ ఊరికే తొక్కిన మిషనుతోనే ఈ ఇంట్లో ఇద్దరు పిల్లల ఫీజులు సగం గడిచాయి. నేను చదివింది ఏడో తరగతి. వీడియోలో నా వరస రాలేదు.

మా అత్త హనుమంతమ్మకు పక్షవాతం వచ్చి మూడేళ్లు. కుడి పక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. ఎత్తి కూర్చోబెట్టడం, కడగడం, పక్కలు తిప్పడం, నోట్లో జావ పోయడం అన్నీ నావే. పోయిన నెల ఆమెను ఎత్తుతుండగా నా నడుములో ఏదో తెగినట్టయింది. కాలు కింద పెట్టలేకపోయాను. కాలు పడిపోతుందని, నన్నూ పక్కన ఇంకో మంచం మీద వేస్తారని, ఇద్దరినీ కడిగే మనిషి ఎవరా అని ఏడ్చాను. డాక్టరు ఎక్స్‌రే ఫొటో చూసి, "బిందె గూడా ఎత్తొద్దు" అన్నాడు. మా ఆయన బయటికి వచ్చి మొదట అడిగింది, "మరి అమ్మను ఎవరు ఎత్తల్ల?" అని.

దానికోసమే కడపలో మనుషులను కుదిర్చే ఆఫీసులో అడిగి వచ్చాడు. వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"పద్దెనిమిది వేలంట మ్మే! తిండి, పడక మనమే. ఆదివారం సెలవంట. ముసలామెను కడిగేదానికి పద్దెనిమిది వేలా! నేను చేరినప్పుడు ఫ్యాక్టరీ మేనేజరుకు గూడా అంత లేదు."

నేను చేసే పనికి బయట ఒక ధర ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మూడేళ్లకు ఎంతవుతుందో గుణించబోయి ఆగిపోయాను. గుణిస్తే తర్వాత ఈ ఇంట్లో ఎట్లా ఉంటానో అని భయం వేసింది. పైగా ఆదివారం సెలవు అన్న మాట దగ్గరే నా మనసు నిలబడిపోయింది. ఆదివారం సెలవు!

ఆయన లెక్క అక్కడితో ఆగలేదు. రెండు రోజులు ఆలోచించి, అన్నం తింటూ చెప్పాడు.

"మనిషిని పెట్టుకుంటే పద్దెనిమిది. మన పాపకు వచ్చేది పదిహేను. దాంట్లో బస్సుకు, టిఫినుకు పోతాది. అది మానేసి ఇంట్లో ఉంటే మనకే మిగులు. పైగా నర్సు. సొంత మనవరాలు. బయటి మనిషి చేస్తాదా ఇట్ల? ఎవరికి తక్కువ వస్తాదో వాళ్లు ఇంట్లో ఉండల్ల, అప్పుడే ఇల్లు నిలబడతాది. అంతే గదా లెక్క."

నిజం చెప్పాలంటే ఆ మాట విన్నప్పుడు నా గుండె ముందు తేలికపడింది. పాప ఇంట్లోనే ఉంటుంది. బస్సు లేదు, నైట్ డ్యూటీ లేదు, నేను ఫోన్ పట్టుకుని గేటు దగ్గర నిలబడే పని లేదు. అంతలోనే మహేశ్వరి ముఖం చూశాను. అది కలుపుతున్న ముద్ద కలుపుతూనే ఉంది, నోట్లో పెట్టుకోలేదు.

"నాయనా, వచ్చే నెల నుంచి నన్ను ఐసీయూలో వేస్తామన్నారు. రెండేళ్లు ఆడ చేస్తే పెద్ద ఆసుపత్రుల్లో జీతం రెండింతలు ఇస్తారు. సోమవారం లోపల చెప్పమన్నారు" అంది.

"అప్పటి సంగతి అప్పుడు. ఇప్పుడు ఎంత వస్తాంది? అది చెప్పు."

మా పెద్దోడు భూపేష్ సంగతికి మాత్రం ఈ "ఇప్పుడు ఎంత" అనే ప్రశ్న లేదు. వాడికి ఇరవై ఏడు. డిగ్రీ అయినప్పటి నుంచి కర్నూలులో రూము తీసుకుని గ్రూప్స్‌కు కోచింగు. నెలనెలా రూముకు, మెస్సుకు, టెస్టులకు, కొత్తగా జిమ్ముకు కూడా ఇక్కడి నుంచే పోతుంది. "కూర్చుని చదివితే ఒళ్లు పాడవుతాదమ్మా" అన్నాడు. అందులో కొంత పాప జీతం నుంచే పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మా ఆయన మాత్రం వాడు డిప్యూటీ తహసీల్దారు అయితే ఎంత, కరువు భత్యం ఎంత, ఇంటి అద్దె ఎంత అని వేళ్ల మీద చెప్తాడు. వాడి జీతం ఇంకా పుట్టనేలేదు, ఈయన దానికి బారసాల కూడా చేసేశాడు.

ఆ సాయంత్రం పెరట్లో గిన్నెలు కడుగుతూ పాప నా పక్కన కూర్చుంది.

"నాయనతో నేను కొట్లాడలేనమ్మా. నువ్వు చెప్పు. నువ్వు ఉండమంటే ఉంటా. కానీ రేపు నువ్వే 'అప్పుడు పొమ్మని ఉంటే బాగుండు' అని ఏడవొద్దు."

పొమ్మంటే దారిలో ఏమైనా అయితే నా నోటితో పంపినట్టు. ఉండమంటే నా నోటితోనే దాన్ని ఆ మంచానికి కట్టేసినట్టు. "పెళ్లికి పోయి వచ్చినాక చూద్దాంలే" అన్నాను.

పెళ్లి మా ఆడబిడ్డ కూతురు శివకుమారిది. కమలాపురంలో, ఆదివారం. పెళ్లికొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేరు. మా ఆయన మేనమామ కాబట్టి చీర, చదివింపులు ఘనంగా ఉండాలి. చీర ఆయన కొన్నాడు. చదివింపులకు మహేశ్వరి తన జీతంలోంచి ఐదు వేల నూట పదహారు కవరులో పెట్టి తెచ్చింది. "శివకుమారి, నేను ఒకే కంచంలో తిన్నోళ్లం. ఇది నా పేరున చదివించమ్మా" అని నా చేతిలో పెట్టింది. దాని గొంతులో కొంచెం గర్వం ఉంది. దాచుకుందామనుకుంది గాని దాగలేదు.

అత్త దగ్గర జులేఖా బీ కూర్చుంటానంది. "నువ్వు పోయి రా అక్కా. మందులు ఎప్పుడెప్పుడు వేయాల్నో పాప నాకు చెప్పింది. ఊరికే ఫోన్లు చేసి నన్ను చంపొద్దు" అంది. కమలాపురం చేరేలోపల రెండుసార్లే చేశాను.

కళ్యాణమండపంలో తలంబ్రాలు అయ్యాయో లేదో జీతాల పంచాయితీ మొదలైంది. పెళ్లికొడుక్కు లక్షకు పైన అని ఒకరు, కోతలు పోతే ఎనభై అని ఇంకొకరు. ఎవరి కొడుకో సచివాలయంలో చేరాడట, ముప్పై. ఎవరిదో మొబైళ్ల అంగడి, "వాడు చెప్పడు గాని లోపల బాగానే ఉండాది" అని నవ్వులు. ఒక్కొక్క పిల్లవాడిని పేరు పెట్టి పిలిచి, వయసు అడిగి, జీతం అడిగి, సంతలో గొర్రెపిల్లను లేపి చూసినట్టు చూస్తున్నారు. నా పక్కన మా ఆడబిడ్డ అత్త కూర్చుంది.

"నీ కూతురు నర్సు గదా. ఎంత ఇస్తారు?"

"ఇస్తారులే పిన్నమ్మా."

"ఇస్తారులే అంటే తక్కువే." ఆమె తాంబూలం నోట్లో వేసుకుంది. "మానేస్తాందంట గదా. మీ ఆయన చెప్తాండె. మంచి పని. ఆ కాస్త జీతానికి ఆడపిల్ల ఊర్లు తిరిగేది ఎందుకు?"

ఇంకా నేను చెప్పనే లేదు, పాప ఒప్పుకోనే లేదు, మండపమంతా అప్పుడే తెలిసిపోయింది. ఒళ్లు మండింది. మండినా నవ్వాను. పెళ్లిళ్లకు ఆడవాళ్లం ఆ నవ్వును చీరకు పిన్ను పెట్టుకున్నట్టు ముఖానికి పెట్టుకునే వస్తాం.

చదివింపుల బల్ల వేదిక పక్కన వేశారు. పెళ్లికూతురు చిన్నాన్న రంగస్వామి మైకు పట్టుకుని ఒక్కొక్కరి పేరు, మొత్తం చదువుతున్నాడు. నేను కవరు తీసుకుని లేవబోతే మా ఆయన అందుకున్నాడు. "ఆ మగవాళ్ల గుంపులోకి నువ్వెందుకు? నడుము పట్టుకుంటాది. నేను పోతా." నా నడుము మీద ఆయనకు ప్రేమ పుట్టడం చూసి నేను ఆశ్చర్యపోవాల్సింది. ఇచ్చేశాను.

మేము పంక్తిలో కూర్చున్నాం. విస్తట్లో ఓళిగ వేసి నెయ్యి పోస్తున్నారు. అప్పుడు మైకులో వినపడింది.

"ఎర్రగుంట్ల దేవేంద్రప్ప గారి కుమారుడు భూపేష్ గారి చదివింపులు, ఐదు వేల నూట పదహారు రూపాయలు!"

మహేశ్వరి చెయ్యి ఓళిగ మీద ఆగింది. నా వైపు చూడలేదు. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని నమిలింది. ఎవరి ముందూ ముఖం మారకుండా ఉండడం ఆసుపత్రిలో నేర్పుతారో, ఇంట్లో నేర్చుకుందో.

ఎదురు వరసలోంచి మా ఆడబిడ్డ అరిచింది. "ఏమొదినా, మా భూపేష్ అప్పుడే సంపాదించుకుంటాండాడా! చెప్పనే ల్యా! ఎంత వస్తాది?"

మా ఆయన వచ్చి పక్కన కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు. "వాడు రేపు ఆఫీసరైతే ఈ చుట్టాలందరికీ వాడి పేరు గుర్తుండల్ల. ఆడపిల్ల పేరు ఈడ చదివిస్తే ఏమొస్తాది? రేపు ఇంకో ఇంటికి పోయేదే గదా. ఇంట్లో దుడ్లే, ఎవరి పేరైతే ఏముండాది?"

ఎవరి పేరైతే ఏముంది అనేవాళ్లు ఒక్కసారైనా ఆ పేరును ఆడపిల్ల వైపు ఎందుకు మార్చరో నాకు అర్థం కాదు. పొద్దున నాలుగింటికి లేచి బస్సు పట్టుకున్నది ఆ పిల్ల. రాత్రంతా నిలబడి కాళ్లు వాచి వచ్చి, వేడినీళ్లలో పెట్టుకుని కూర్చున్నది ఆ పిల్ల. నేను పడిన భయాలన్నీ ఆ జీతం వెనక ఉన్నాయి. నా నిద్రలేని రాత్రులు కూడా కలిపి ఆ కవరులో పెట్టి ఇస్తే, కర్నూలులో జిమ్ములో ఉన్నవాడి పేరు చదివారు. ఇన్నాళ్లూ నా మిషను సంపాదన ఆయన పేరున చెల్లిపోతే ఊరుకున్నాను. ఇది నాది కాదు కాబట్టి ఊరుకోలేకపోయాను.

విస్తరి ముందు నుంచి లేచాను. భోజనం మధ్యలో లేవకూడదని పిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. బల్ల దాకా నడిచాను. ఆ మైకు వైర్లు కింద అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. తొక్కితే షాకు కొడుతుందని, పెళ్లిలో చచ్చిపోయానని శివకుమారి జీవితాంతం తిట్టుకుంటుందని అనుకుంటూ దాటాను.

"అన్నా, పేరు తప్పు పడింది."

రంగస్వామి కళ్లద్దాల పైనుంచి చూశాడు. "ఏ పేరమ్మా?"

"భూపేష్ కాదు. మహేశ్వరి."

"దేవేంద్రప్పే చెప్పినాడు గదమ్మా."

"నీకు సరిగా వినపడకుండా పోయింటాది, గుంపు గదా. దుడ్లు పాపవి. దాని జీతం."

"సరే రాస్తా. మహేశ్వరి... ఎవరి కోడలు?"

"ఎవరి కోడలూ కాదు. కడపలో నర్సు. అట్లే చదువన్నా, నర్సు అని గూడా చదువు."

ఆయన నవ్వి మైకు దగ్గరికి లాక్కున్నాడు. "పెద్దలు మన్నించల్ల. సవరణ! ఎర్రగుంట్ల దేవేంద్రప్ప గారి కుమార్తె, కడపలో నర్సుగా పని చేస్తాండే మహేశ్వరి గారి చదివింపులు, ఐదు వేల నూట పదహారు రూపాయలు!"

తిరిగి వచ్చేసరికి నా విస్తరి తీసేశారు. మహేశ్వరి తన విస్తట్లో ఓళిగ సగం తుంచి నా చేతిలో పెట్టింది. దాని ముఖం ఇప్పుడు మారింది. కళ్లు తుడుచుకుంటూ "నెయ్యి ఎక్కువ పోసినారు" అంది, దానికీ కళ్లకూ ఏం సంబంధమో.

తిరుగు దారిలో మా ఆయన బస్సులో ఇంకో సీటులో కూర్చున్నాడు. ఇల్లు చేరి చెప్పులు విడిచాం. జులేఖా బీ ఇంకా మా అత్త దగ్గరే ఉంది. ఆమె ముందే మొదలుపెట్టాడు.

"పదిమందిలో నన్ను దొంగను చేస్తివి గదా! కొడుకు పేరు చదివిస్తే తప్పా?" తర్వాత పాప వైపు తిరిగాడు. "రేపు ఆసుపత్రికి ఫోన్ చేసి రానని చెప్పు. మైకులో నర్సని చదివినంత మాత్రాన పదిహేను వేలు యాభై కాదు. మొన్ననే లెక్క చెప్పినా. ఎవరికి తక్కువ వస్తాదో వాళ్లు ఇంట్లో ఉండల్ల."

జులేఖా బీ లేచి కొంగు సర్దుకుంది. పోలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. మంచం మీంచి మా అత్త ముద్ద మాటతో రోజూ అడిగేదే అడిగింది. "భూపేషు యాడ? మా అబ్బి యాడ?"

పాప నా వైపు చూసింది. పెరట్లో నన్ను అడిగిన ప్రశ్న ఆ చూపులో అట్లే ఉంది. నాకు వంద భయాలు వచ్చాయి. ఐసీయూ అంటే అన్నీ చావుబతుకుల కేసులు. రాత్రి డ్యూటీలు ఇంకా ఎక్కువ. ఇంకో పక్క ఆయన నాతో నెలలు మాట్లాడడు. కొడుకు పరీక్ష పోయిందని నన్నే అంటాడు. వాడు ముసలామెను ఎత్తడం చేతగాక కింద పడేస్తాడు. అన్నీ జరగొచ్చు. నేను భయపడి ఆపినవాటిలో ఏది జరగకుండా ఆగింది గనక?

"సరే" అన్నాను. "మీరు చెప్పిన లెక్కే చేద్దాం."

ఆయన తల ఎత్తాడు. పాప తల దించుకుంది. "నువ్వు రేపు ఆసుపత్రిలో ఐసీయూకు వస్తానని చెప్పు. బస్సులో వాకిలి దగ్గర నిలబడొద్దు. దిగినాక ఫోన్ చెయ్యి" అని దానికి చెప్పి, ఫోన్ తీసి భూపేష్‌కు కలిపాను. అందరికీ వినపడేటట్టు స్పీకరు పెట్టాను.

"అబ్బీ, పొద్దున బస్సుకు వచ్చేయ్. పుస్తకాలు, గుడ్డలు అన్నీ తెచ్చుకో."

"ఏమైందమ్మా? అవ్వకు ఏమన్నా అయిందా?"

"ఏం కాలే. నిన్నే అడుగుతాంది. ఆమెను ఎత్తి కూర్చోబెట్టల్ల, కడగల్ల, పక్కలు తిప్పల్ల. నాకు చేతకాదు. ఎట్ల పట్టుకోవాల్నో చెల్లెలు నేర్పిస్తాది. మంచం పక్కన ఫ్యాను ఉండాది, ఆడనే కూర్చుని చదువుకో."

"నేనా? నేనెందుకు?"

"మీ నాయన లెక్క చేసినాడు. ఎవరికి తక్కువ వస్తాదో వాళ్లు ఇంట్లో ఉండల్లంట."

వాడి గొంతు, చిన్నప్పుడు ఆటలో అన్యాయం జరిగినప్పుడు అరిచినట్టే వచ్చింది.

"అమ్మా! నేనింకా సంపాదించనే లేదు గదా!"

"దానికే నాయనా, నిన్ను పిలిచేది."